23,275 ఓట్లు

1961 మే 8. లండన్‌లో బ్రిటిష్ పార్లమెంటు భవనం. కామన్స్ సభ గుమ్మం ముందుకు 36 ఏళ్ల మనిషి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. నాలుగు రోజుల కిందటే బ్రిస్టల్ సౌత్ ఈస్ట్ నియోజకవర్గం ఉపఎన్నికలో ఆయనను గెలిపించింది. ఆయనకు పడినవి 23,275 ఓట్లు, ఎదుటివాడికి 10,231. పదేళ్లుగా ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లివస్తున్నవాడే. ఆ రోజు మాత్రం ద్వారపాలకుడు అడ్డం నిలబడ్డాడు. స్పీకర్ ఆజ్ఞ, లోపలికి పోవడానికి వీల్లేదు.

ఆయన దివాలా తీయలేదు. జైలుకు పోలేదు. ఎన్నికలో డబ్బు పంచలేదు. ఆయన మీదున్న అభ్యంతరం ఒక్కటే. ఆయన తండ్రి చనిపోయాడు.

ఆయన పేరు ఆంథొనీ వెడ్జ్‌వుడ్ బెన్. తర్వాతి రోజుల్లో ఆ పొడుగాటి పేరును తనే కత్తిరించుకుని ఉత్త టోనీ బెన్ అయ్యాడు. అర్ధశతాబ్దం పాటు బ్రిటన్ రాజకీయాల్లో ఉండి, ఎదుటి పార్టీకే కాదు, సొంత లేబర్ పార్టీ నాయకులకూ నిద్ర పట్టనివ్వని వామపక్షవాది. ఆయన గురించి రాసేవాళ్లు సమ్మెల దగ్గర మొదలుపెడతారు, యుద్ధ వ్యతిరేక సభల దగ్గర మొదలుపెడతారు. నాకు మాత్రం ఆ జీవితంలోకి దారి ఆ మూసిన గుమ్మమే.

తండ్రి విలియం వెడ్జ్‌వుడ్ బెన్ మన చరిత్రకు పరాయివాడు కాదు. 1929 నుంచి 1931 దాకా లండన్‌లో భారత వ్యవహారాల మంత్రి ఆయనే. గాంధీజీ దండి తీరాన ఉప్పు చేతికెత్తుకున్నప్పుడు, మన కోస్తా ఊళ్లలో సముద్రపు నీళ్లు కాచి ఉప్పు వండినవాళ్లను పట్టుకుపోయి జైళ్లు నింపినప్పుడు, దాని మీద బ్రిటిష్ పార్లమెంటుకు జవాబు చెప్పాల్సిన కుర్చీలో ఉన్నది ఈయనే. 1931లో గాంధీజీ రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వచ్చేనాటికి ఆ పదవి పోయింది. అప్పుడు ఆరేళ్ల టోనీ గాంధీజీని కలిశాడు. ఆ సంగతి ముసలితనంలో కూడా అపురూపంగా చెప్పుకునేవాడు. తల్లి మార్గరెట్ మతగ్రంథాలు లోతుగా చదివిన మనిషి. బైబిలు కథంతా రాజులకూ ప్రవక్తలకూ మధ్య పోరాటమనీ, రాజుల దగ్గర అధికారం ఉంటే ప్రవక్తల దగ్గర ధర్మం ఉందనీ, మనం ప్రవక్తల పక్షాన నిలబడాలనీ పిల్లలకు చెప్పేది. తాతలిద్దరూ ఎంపీలు. అన్నం ముద్దతో పాటే రాజకీయం తిని పెరిగిన ఇల్లు అది.

బిరుదు ఆ ఇంట్లోకి 1942లో వచ్చింది. యుద్ధకాలం, చర్చిల్ నాయకత్వాన అన్ని పార్టీలూ కలిసి నడుపుతున్న ప్రభుత్వం. లార్డ్స్ సభలో లేబర్ పార్టీకి మనుషులు చాలడం లేదు. పెద్ద బెన్‌ను వైకౌంట్ స్టాన్స్‌గేట్‌ను చేసి అక్కడికి పంపాలన్నారు. ఈ బిరుదు ఒక తరంతో పోదు, పెద్దకొడుక్కి సంక్రమిస్తుంది. అందుకని తండ్రి ముందుగా పెద్దకొడుకు మైకేల్‌ను అడిగాడు. మైకేల్ చర్చిలో మతబోధకుడు కావాలనుకుంటున్నవాడు, ఎన్నికల మీద ఆశ లేనివాడు. నాకేం అభ్యంతరం లేదు నాన్నా అన్నాడు. రెండోవాణ్ణి అడగాల్సిన అవసరం ఎవరికీ కనిపించలేదు.

1944 జూన్‌లో వైమానిక దళంలో ఉన్న మైకేల్ చనిపోయాడు. టోనీ అప్పుడు ఆఫ్రికాలో, రొడీషియాలో, విమానం నడపడం నేర్చుకుంటున్నాడు. అన్న పోయాడన్న కబురు అక్కడే అందింది. దానితో పాటు, ఎవరూ అడగకుండానే, ఆ బిరుదుకు తర్వాతి వారసుడు కూడా తనే అయ్యాడు. ఆ అన్నంటే ఆయనకు ప్రాణం. చివరిదాకా మైకేల్ పేరెత్తితే గొంతు పట్టుకునేది. అన్న శవం మీదుగా వచ్చిన కిరీటం అది. బిరుదు మీద ఆయనకున్న పట్టుదలంతా రాజకీయ సిద్ధాంతమేనని చెప్పేవాళ్లతో నేను ఒప్పుకోలేను.

1950 చివర్లో బ్రిస్టల్ సౌత్ ఈస్ట్ స్థానం ఖాళీ అయింది. అక్కడి ఎంపీ స్టాఫర్డ్ క్రిప్స్ ఆరోగ్యం చెడి రాజీనామా చేశాడు. 1942లో రాయబారం పట్టుకుని ఢిల్లీ వచ్చి ఉత్త చేతులతో తిరిగివెళ్లిన ఆ క్రిప్స్ గారే. ఆ స్థానంలో గెలిచి, పాతికేళ్ల వయసులో టోనీ కామన్స్ సభలో కాలు పెట్టాడు. అప్పటినుంచీ నెత్తిమీద కత్తి వేలాడుతూనే ఉంది. తండ్రి బతికున్నన్నాళ్లే తను ఎంపీ. తండ్రి కన్ను మూసిన క్షణాన తను ప్రభువు. ప్రభువైనవాడు కామన్స్‌లో కూర్చోకూడదు. అసలు చిక్కు ఏమిటంటే, నాకు వద్దు అనడానికి చట్టంలో దారే లేదు. కరణీకం వద్దనుకున్న కరణం కొడుకు పట్నం పోయి ఉద్యోగం చూసుకోవచ్చు. అక్కడ ఆ పాటి వీలు కూడా లేదు. ప్రభుత్వం అంటగట్టిన ఆస్తి రక్తంలోకి ఎక్కిపోయిందని న్యాయకోవిదుల వాదన. రక్తంలో ఉన్నదాన్ని రాజీనామా చేయడం ఎలా?

1955లోనే ఆయన ప్రయత్నం మొదలుపెట్టాడు. బిరుదు వదులుకునే వీలు కల్పించమని బిల్లు పెట్టించాడు. ఆ బిల్లును లార్డ్స్ సభలో ప్రవేశపెట్టినది ఎవరో కాదు, తండ్రి స్టాన్స్‌గేట్ ప్రభువే. తన కొడుక్కి తన బిరుదు అంటకుండా చూడమని తోటి ప్రభువులను బతిమాలుకున్న తండ్రి! వాళ్లు ఒప్పుకోలేదు. అప్పటికి ప్రధాని పదవి దిగిపోయిన చర్చిల్ మాత్రం, కొడుకులకు వారసత్వ బిరుదును వదులుకునే హక్కు ఉండాలనే తన అభిప్రాయమని ఉత్తరం రాసి ఇచ్చాడు. పార్టీలు వేరు, దారులు వేరు. అయినా ఆ ముసలాయన అంతమాట రాసి ఇచ్చినందుకు బెన్ ఎప్పుడూ కృతజ్ఞుడుగానే ఉన్నాడు.

1960 నవంబర్ 17న తండ్రి చనిపోయాడు. ఇంట్లో నలుగురు పిల్లలు. పెద్దవాడు స్టీఫెన్‌కు తొమ్మిదేళ్లు. తండ్రి పోయిన దుఃఖం తీరకముందే కామన్స్ సభ బెన్‌ను బయటివాణ్ణి చేసింది. జీతం ఆగింది. ఉత్తరాల మీద పేరు మారింది, లార్డ్ స్టాన్స్‌గేట్ అని. సభాహక్కుల సంఘం పాత కాగితాలన్నీ తిరగేసి, ఈయన ఎంపీగా ఉండడానికి అనర్హుడని తేల్చింది. స్థానం ఖాళీ అయింది. ఉపఎన్నిక ప్రకటించారు.

బ్రిస్టల్ కార్మికులు ఏం చేశారో చూడండి. మళ్లీ ఆయననే నిలబెట్టారు. చర్చిల్ ఉత్తరం కరపత్రమై ఇంటింటికీ వెళ్లింది. ఈయనకు వేసే ఓటు చెల్లదు, వృథా అయిపోతుంది అని కన్సర్వేటివ్ పార్టీ వాళ్లు ఊరంతా ప్రచారం చేశారు. జనం అదంతా విన్నారు. తెలిసే వెళ్లి వేశారు. అంతకుముందు సాధారణ ఎన్నికల్లో వచ్చిన మెజారిటీ రెట్టింపు దాటింది. ఆ 23,275 మందిలో ప్రతి ఒక్కరూ, నా ఓటు లెక్కలోకి రాదని తెలిసి కూడా క్యూలో నిలబడ్డవారే. ఎన్నికల చరిత్రలో ఇంతకన్నా గొప్ప ఓటు నాకు తెలిసి తక్కువ.

ఆ ఓట్లు వెంటబెట్టుకుని వచ్చినప్పుడే ద్వారపాలకుడు ఆపాడు.

తర్వాత ఎన్నికల న్యాయస్థానం. ఇద్దరు న్యాయమూర్తులు. బెన్ తన కేసు తనే వాదించుకున్నాడు, రోజుల తరబడి. తీర్పు జూలైలో వచ్చింది. అభ్యర్థి అనర్హుడన్న సంగతి ఓటర్లకు తెలుసు కనుక, తెలిసీ వేశారు కనుక, ఆ ఓట్లు పారేసుకున్నట్టే లెక్క అన్నారు. తెలిసి వేయడమే ఆ ఓట్ల గొప్పతనమని మనం అనుకుంటే, తెలిసి వేయడమే వాటి నేరమైంది. 10,231 ఓట్లు వచ్చిన కన్సర్వేటివ్ అభ్యర్థి మాల్కం సెయింట్ క్లెయిర్‌ను ఎంపీగా ప్రకటించారు. కోర్టు ఖర్చులు వేల పౌండ్లు బెన్ మీద పడ్డాయి. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ గెలిపించబడ్డ సెయింట్ క్లెయిర్ కూడా ఒక ప్రభువు గారి బిరుదుకు వరసలో ఉన్న వారసుడే. ఆ బంధువు ఆ రోజే చనిపోయి ఉంటే, ఆయననూ అదే గుమ్మం దగ్గర ఆపేవారు.

రెండేళ్లు బెన్ పార్లమెంటు బయటే ఉన్నాడు. ఊరికే కూర్చోలేదు. రాశాడు, ఊరూరా తిరిగి మాట్లాడాడు. అప్పుడే, 1963లో, తన బ్రిస్టల్‌లోనే ఇంకో మూసిన తలుపు ఎదురైంది. అక్కడి బస్సు కంపెనీ నల్లవాళ్లను, ఆసియా వాళ్లను డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకునేది కాదు. పాల్ స్టీఫెన్‌సన్ అనే యువకుడు నాయకత్వం వహించగా, ఏప్రిల్ చివర్లో జనం బస్సులెక్కడం మానేశారు. బెన్ మొదటినుంచీ వాళ్ల వెంట నిలబడ్డాడు. తను బస్సు ఎక్కనన్నాడు, సైకిలైనా వెతుక్కుని వెళ్తానన్నాడు. లేబర్ పార్టీ నాయకుడు హెరాల్డ్ విల్సన్‌తో మాట్లాడి ఆయన చేత కూడా ఆ వర్ణభేదాన్ని ఖండించేలా చేశాడు. ఆగస్టు 28న కంపెనీ దిగివచ్చింది. సెప్టెంబరులో ఆ ఊరి బస్సుల్లో మొట్టమొదటి తెల్లవాడు కాని కండక్టర్‌గా టికెట్లు కొట్టింది మన దేశపు మూలాలున్న ఒక సిక్కు యువకుడు. పుట్టుకను బట్టి లోపలికి రానివ్వకపోవడం ఎలా ఉంటుందో, పుట్టుకను బట్టి బయటికి నెట్టబడ్డ బెన్‌కు వేరే చెప్పాల్సిన పనిలేకపోయింది.

ఈలోగా పార్లమెంటులో చట్టం కదిలింది. కన్సర్వేటివ్ ప్రభుత్వానికి కూడా ఈ గొడవ తలనొప్పి అయిపోయింది. వారసత్వ ప్రభువులు బిరుదు వదులుకోవచ్చునని బిల్లు తెచ్చారు. వచ్చే సాధారణ ఎన్నికల తర్వాతే ఇది అమలులోకి రావాలని ప్రభుత్వం మొదట అనుకుంది. లార్డ్స్ సభ దాన్ని మార్చి, వెంటనే అమలు కావాలంది. వదులుకున్నవాడి జీవితకాలానికి మాత్రం ఆ బిరుదు పనిచేయదని రాశారు. 1963 జూలై 31 సాయంత్రం ఆరు దాటగానే రాణి ఆమోదం చదివారు. 6 గంటల 22 నిమిషాలకు బెన్ తన బిరుదును వదులుకుంటూ సంతకం పెట్టాడు. దేశం మొత్తం మీద మొదటి సంతకం అది.

సెయింట్ క్లెయిర్ మాట మీద నిలబడ్డాడు. చట్టం మారితే తప్పుకుంటానని ముందే అన్నాడు, అన్నట్టే రాజీనామా చేశాడు. ఆయన ఏ పార్టీ అయితేనేం, ఆ ఒక్క పనికి దణ్ణం పెట్టవచ్చు. ఆగస్టు 20న మళ్లీ ఉపఎన్నిక జరిగింది. కన్సర్వేటివ్ పార్టీ ఈసారి అభ్యర్థినే పెట్టలేదు. బెన్ గెలిచాడు. గుమ్మం తెరుచుకుంది.

ఇక్కడితో కథ సుఖాంతమని చాలామంది ముగిస్తారు. కానీ సరిగ్గా రెండు నెలలకు ఏం జరిగింది? అక్టోబరులో కన్సర్వేటివ్ ప్రధాని మాక్‌మిలన్ జబ్బుపడి పదవి వదిలేశాడు. తర్వాత ఎవరన్న పోటీలో చివరికి పైకి తేలినవాడు ఎర్ల్ ఆఫ్ హోమ్. వంశంలో పద్నాలుగో ఎర్ల్. లార్డ్స్ సభ మనిషి. ప్రభువు ఆ కాలంలో ప్రధానిగా నెగ్గుకురాలేడు. మరి దారి? దారి అప్పటికే వేసి ఉంది. బెన్ మూడేళ్లు రాళ్లు కొట్టి వేసిన దారి. అక్టోబరు 23న హోమ్ తన బిరుదులన్నీ వదిలేసి సర్ అలెక్ డగ్లస్-హోమ్ అయ్యాడు. ఏ సభలోనూ సభ్యుడు కాకుండానే రెండు వారాలు ప్రధానిగా ఉండి, నవంబరు 7న స్కాట్లాండ్‌లో ఒక ఉపఎన్నికలో గెలిచి కామన్స్‌కు వచ్చాడు. కార్మిక వర్గం కోసం కొట్లాడినవాడు తెరిచిన తలుపులోంచి, ఆ దేశంలోని పెద్ద భూస్వామి కుటుంబాల్లో ఒకదాని పెద్ద నడిచివచ్చి ప్రధాని కుర్చీలో కూర్చున్నాడు. వచ్చే ఎన్నికల దాకా ఆగాలన్న పాత షరతు ఉండి ఉంటే అది జరిగేదే కాదు.

చట్టానికి ఎవరు కొట్లాడారో గుర్తుండదు, ఎవరు వాడుకున్నారో గుర్తుంటుంది. ఆ విషయంలో బెన్ మీద నాకు జాలి లేదు, గౌరవమే ఉంది. హక్కు అంటే అది శత్రువుకు కూడా దక్కేది. ఆయన ఆ హక్కునే అడిగాడు.

1964లో లేబర్ ప్రభుత్వం వచ్చింది. బెన్ పోస్ట్‌మాస్టర్ జనరల్ అయ్యాడు, తపాలా శాఖ మంత్రి అన్నమాట. బ్రిటన్ తపాలా బిళ్లల మీద దేశం పేరుండదు, పాలించే రాజుదో రాణిదో తల ఉంటుంది. ఆ తల లేకుండా బిళ్లలు వేద్దామని చిత్రకారుడు డేవిడ్ జెంటిల్‌మన్‌తో నమూనాలు గీయించి, 1965 మార్చిలో బకింగ్‌హామ్ రాజభవనానికి పట్టుకెళ్లాడు. రాణి ఎదుట నేల మీద మోకాళ్లూని కూర్చుని, ఆ నమూనాలు ఒక్కొక్కటే పరిచి చూపించాడు. రాణి ముఖం మీద కాదనలేదు. చూసింది, విన్నది. బెన్ గెలిచానన్న సంతోషంతో బయటికి వచ్చాడు. తర్వాత నెమ్మదిగా, తిన్నని దారిలో కాక చుట్టుదారిలో, ప్రధాని కార్యాలయం మీదుగా కబురు వచ్చింది. తల ఉండాల్సిందేనని. చివరికి తల ఉంది, చిన్న నీడబొమ్మగా మూలకు జరిగింది. ప్రత్యేక బిళ్లల మీద ఆ పద్ధతే నిలిచిపోయింది. మోకాళ్ల మీద కూర్చున్న ఆ దృశ్యం గుర్తొచ్చినప్పుడల్లా, నవ్వుతూ కాదనే అధికారం ఎంత గట్టిదో తెలుస్తుంది.

ఆ తర్వాత సాంకేతిక శాఖ, పరిశ్రమలు, ఇంధనం. మంత్రి పదవులు అనుభవించినకొద్దీ మెత్తబడేవాళ్లే ఎక్కువ. బెన్ అడ్డం తిరిగాడు. పదవిలో ఉండి చూస్తే అసలు అధికారం ఎన్నికైనవాళ్ల దగ్గర లేదని, అధికారుల దగ్గర, బ్యాంకుల దగ్గర, ఎవరూ ఎన్నుకోని సంస్థల దగ్గర ఉందని తెలిసిందనేవాడు. వయసు పెరిగినకొద్దీ ఈయనకు పసితనం పెరుగుతోందని విల్సన్ విసుక్కున్నాడు. 1981లో లేబర్ ఉపనాయకుడి పదవికి పోటీ చేసి డెనిస్ హీలీ చేతిలో ఓడాడు. హీలీకి 50.4 శాతం, బెన్‌కు 49.6. ఆ ఒక్క శాతం కూడా లేని తేడా చుట్టూ పార్టీ ఏళ్ల తరబడి కొట్టుకుంది. పార్టీ చీలి బలహీనపడడంలో ఆయన వంతు కూడా ఉందన్న విమర్శ అబద్ధం కాదు. పట్టుదల ఉన్న మనిషికి ఎక్కడ ఆగాలో తెలియకపోవడం కూడా ఉంటుంది. 1983లో బ్రిస్టల్‌లోనే ఓడిపోయాడు. మరుసటి ఏడు చెస్టర్‌ఫీల్డ్ బొగ్గు గనుల ప్రాంతం నుంచి తిరిగి వచ్చాడు. ఆ ఏడే గని కార్మికుల పెద్ద సమ్మె మొదలైంది. ఆయన ఎవరి పక్కన నిలబడ్డాడో వేరే చెప్పాలా?

ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చాలా చిన్నది. 1911 ఏప్రిల్‌లో జనాభా లెక్కల రాత్రి, స్త్రీలకు ఓటు కోసం పోరాడుతున్న ఎమిలీ వైల్డింగ్ డేవిసన్ పార్లమెంటు భవనంలో, నేలమాళిగ ప్రార్థనా మందిరం పక్కన చీపుర్లు పెట్టుకునే గదిలో దాక్కుంది. లెక్కల కాగితంలో తన చిరునామా కామన్స్ సభ అని నమోదు కావాలని. రెండేళ్ల తర్వాత గుర్రప్పందేల మైదానంలో రాజుగారి గుర్రం కాళ్ల కింద పడి ప్రాణం పోగొట్టుకుంది. ఆమె గుర్తుగా ఒక్క ఫలకం కూడా ఆ భవనంలో లేకపోయింది. 1991లో బెన్ తనే ఫలకం చేయించి, అనుమతులేమీ అడగకుండా, స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లి ఆ చీపుర్ల గది తలుపు వెనక బిగించి వచ్చాడు. అప్పటి తోటి ఎంపీ జెరెమీ కోర్బిన్ సాయం పట్టాడు. అదే ఏడు రాచరికాన్నీ లార్డ్స్ సభనూ రద్దు చేయాలని కామన్స్‌లో బిల్లు కూడా పెట్టాడు. బిల్లు ముందుకు పోలేదు. ఫలకం అక్కడే ఉండిపోయింది.

1999లో లేబర్ ప్రభుత్వమే లార్డ్స్ సభలోంచి వారసత్వ ప్రభువులను చాలామందిని బయటికి పంపింది. అందరినీ కాదు. రాజీ కుదిరి 92 మందిని ఉంచారు. వాళ్లలో ఎవరైనా పోతే, ఆ ఖాళీకి ఉపఎన్నిక జరిగేది. నిలబడే హక్కు వారసత్వ బిరుదు ఉన్నవాళ్లకే ఉండేది.

2001లో బెన్ కామన్స్ నుంచి రిటైరయ్యాడు. రాజకీయాలకు ఇంకాస్త ఎక్కువ సమయం ఇవ్వడానికే పార్లమెంటు వదులుతున్నానన్నాడు. ఆ మాట ఆయన భార్య కారొలైన్ సూచించినది. వీడ్కోలు ప్రసంగంలో, తను జీవితమంతా పట్టుకు తిరిగిన అయిదు ప్రశ్నలను సభ ముందు పెట్టాడు. ఎంతటి బలవంతుడు ఎదురైనా వీటిని అడగాలన్నాడు. నీకున్న అధికారం ఏమిటి? అది ఎక్కడినుంచి వచ్చింది? ఎవరి మేలుకు వాడుతున్నావు? ఎవరికి జవాబు చెప్పుకుంటావు? నిన్ను దించాలంటే మేమేం చేయాలి? ఆఖరి ప్రశ్నకు జవాబు లేనిచోట ప్రజాస్వామ్యం లేదని ఆయన నమ్మకం. వెళ్లిపోతున్న ఆయనకు స్పీకర్ ఒక గౌరవం ఇచ్చాడు. ఎంపీ కాకపోయినా ఆ భవనంలోకి జీవితాంతం స్వేచ్ఛగా వచ్చిపోవచ్చునని. నలభై ఏళ్ల కిందట ఒక స్పీకర్ మూయించిన తలుపును మరో స్పీకర్ ఇలా తీశాడు.

ఆ తర్వాత పదేళ్ల పైన ఆయన పైపు, టీ కప్పు, టేపురికార్డరుతో ఊరూరా తిరిగాడు. ఇరాక్ యుద్ధానికి వ్యతిరేకంగా లక్షలమంది నడిచిన ఊరేగింపులో ముందు నిలిచాడు. 2014 మార్చి 14న, 88 ఏళ్ల వయసులో చనిపోయాడు. అంత్యక్రియల ముందు రాత్రి ఆయన శవపేటికను పార్లమెంటు నేలమాళిగలోని ఆ ప్రార్థనా మందిరంలోనే ఉంచారు. ఆ మందిరం అప్పటి రాణి అధికారం కింద ఉండేది కనుక ఆమె అనుమతి తీసుకున్నారు. ఆయన చేతులతో బిగించిన ఎమిలీ ఫలకం అక్కడికి నాలుగడుగుల దూరం.

ఇక 1963 చట్టంలోని ఆ వాక్యం. వదులుకున్నవాడి జీవితకాలానికి మాత్రం. బెన్ సంతకం బిరుదును చంపలేదు, తనున్నన్నాళ్లూ నిద్రపుచ్చింది. ఆయన ఊపిరి ఆగిన క్షణాన అది లేచింది. లేచి, అప్పటికి 62 ఏళ్ల పెద్దకొడుకు స్టీఫెన్ మీదికి వచ్చింది. కావాలంటే వదులుకోవడానికి పన్నెండు నెలల గడువుంది, తండ్రి తెచ్చిన చట్టంలోనే. గడువు గడిచిపోయింది. స్టీఫెన్ బెన్ చెడ్డవాడని నేను అనను. ఏళ్ల తరబడి శాస్త్రవేత్తల సంఘాలకూ పార్లమెంటుకూ మధ్య ఓపికగా పనిచేసిన మనిషి. ఆయన ఏ చట్టాన్నీ మీరలేదు.

2021 జూలై. లార్డ్స్ సభలో లేబర్ పార్టీకి చెందిన వారసత్వ స్థానం ఒకటి ఖాళీగా ఉంది. ఉపఎన్నికకు అభ్యర్థిగా నిలబడింది ఒకే ఒక్కరు, మూడో వైకౌంట్ స్టాన్స్‌గేట్. పోటీ లేదు కనుక పోలింగ్ పెట్టలేదు. ఆయన అదే భవనంలోకి వెళ్లాడు. నడిమి హాలులో తండ్రి కామన్స్ వైపు తిరిగేవాడు, ఈయన రెండో వైపు తిరిగాడు. గుమ్మం దగ్గర ఎవరూ అడ్డం నిలబడలేదు. పడిన ఓట్లు సున్నా.